డ్రైయింగ్ రూమ్‌లో దోశ పిండి

సెల్ఫ్ కేటరింగ్ అంటే ఏమిటో న్యూజిలాండ్ వచ్చిన నాలుగో ఏడు తెలిసింది నాకు. ఇంట్లో వండి వండి విసిగిపోయిన మనిషి సెలవు పెట్టి, నాలుగున్నర గంటలు కారులో కూర్చుని వెళ్ళి, వేరే వాళ్ళ వంటింట్లో వేరే వాళ్ళ మొండి కత్తితో ఉల్లిపాయలు కోసుకోవడాన్ని సెల్ఫ్ కేటరింగ్ అంటారు. మా ఆయన మాత్రం ఇంటర్నెట్‌లో ఆ మాట చూసి లాటరీ తగిలినట్టు కేకేశారు. "కిచెన్ ఉన్నదంట! గిన్నెలు, గ్లాసులు అన్నీ ఉన్నయంట!" అన్నారు. అన్నీ ఉన్నాయి సరే, వండేది ఎవరన్నది ఆ పేజీలో రాయలేదు. మా ఇంట్లో రాయనక్కర్లేదు కూడా.

మంచు మీద జారాలన్న కోరిక మా రెండు వంశాల్లోనూ ఎవరికీ లేదు. వరంగల్‌లో నా చిన్నప్పుడు మంచు అంటే బండి మీద గీరి, ఎర్ర రంగు పోసి అమ్మే ఐసు. అది తింటేనే జలుబు చేస్తుందని తిట్టేవాళ్ళు. అలాంటిది డబ్బిచ్చి మరీ మంచులో పడటానికి బయల్దేరామంటే అది మా తొమ్మిదేళ్ళ కూతురి పట్టుదల.

మేము అప్పట్లో ఆక్లాండ్‌లో, శాండ్రింగ్‌హామ్‌లో ఇండియన్ కొట్ల వెనక సందులో ఉండేవాళ్ళం. ఇక్కడ చలికాలంలో వచ్చే జులై సెలవులు అయిపోయి బడి తెరవగానే మా అమ్మాయి క్లాసులో సగం మంది జాకెట్ల జిప్పులకి ఒక చిన్న అట్టముక్క వేలాడుతూ ఉండేది. కొండ మీద లిఫ్ట్ ఎక్కడానికి ఇచ్చే పాస్ అది. దాని పని ఒక్క రోజుతో అయిపోతుంది. కానీ దాన్ని ఎవరూ తీసేయరు. మళ్ళీ ఎండాకాలం వచ్చి జాకెట్ బీరువాలోకి వెళ్ళేదాకా, మెళ్ళో తాళిబొట్టులా దాన్ని మోస్తూనే ఉంటారు. రెండేళ్ళ పాటు తన ఖాళీ జిప్పు చూసుకుని మా పిల్ల కుమిలిపోయింది. పైగా తను ఎలాగైనా స్నేహం కట్టాలనుకుంటున్న అమ్మాయి ఒకతె ఉంది. వాళ్ళ కుటుంబం ఏటా మంచు కొండ కింద ఊరు ఒహకూనేలో ఒకే అపార్ట్‌మెంట్ బిల్డింగ్‌లో దిగుతుందట. మేమూ అందులోనే దిగాలి. వేరేది కుదరదు.

దిగుతాం సరే, దానికీ షరతులు పెట్టింది. కూర వాసన రాకూడదు. గట్టిగా మాట్లాడుకోకూడదు. నానమ్మ చీర మీద స్వెటరు, స్వెటరు మీద కోటు, నెత్తి మీద మంకీ క్యాపు పెట్టుకుని అందరిలోకి రాకూడదు. అన్నీ చెప్పి, చివర్లో నా చెయ్యి పట్టుకుని, "మమ్మీ, ప్లీజ్. బీ నార్మల్" అంది.

ఆ మాట చురుక్కుమంది. కానీ కోప్పడే హక్కు నాకు లేదు. ఆఫీసు మైక్రోవేవ్‌లో నా డబ్బా పెట్టి అప్పటికి మూడేళ్ళయింది. "ఇంటరెస్టింగ్ స్మెల్" అని ఒకావిడ అన్న మర్నాటి నుంచి నేను చల్లటి శాండ్‌విచ్ తిని, సాయంత్రం ఇంటికొచ్చి నిలబడే పప్పన్నం తినే మనిషిని. తల్లి చేలో మేస్తే దూడ గట్టున మేస్తుందా?

కాబట్టి ఆ అయిదు రోజులూ పాస్తా, సూపు, టోస్టు అని మా ఆయనా నేనూ తీర్మానించాం. ఆరు నెలల వీసా మీద వరంగల్ నుంచి వచ్చి ఉన్న మా అత్తమ్మకి ఆ తీర్మానం చదివి వినిపించాం.

"పొద్దుగాల లేవంగనె పిల్ల ఏం తింటది?" అంది ఆవిడ.

"బ్రెడ్డు, అత్తమ్మా."

"బ్రెడ్డు జరమొచ్చినోళ్ళు తింటరు" అని, పోయి బియ్యం, మినపప్పు నానబోసింది.

బయల్దేరే రోజున కారులో ఆవిడ కాళ్ళ మధ్య ఒక పెద్ద స్టీలు గిన్నె ప్రత్యక్షమైంది. మూత పెట్టి, పైన పాత టవల్ కట్టి ఉంది. మేము కొన్నది కాదు, ఆవిడ ఇండియా నుంచి మోసుకొచ్చింది. వాళ్ళ గృహప్రవేశానికి వచ్చిన గిన్నె. అంచు కింద మా మామయ్య పేరు చుక్కలు చుక్కలుగా చెక్కి ఉంటుంది. పెళ్ళికీ గృహప్రవేశానికీ పెట్టే ప్రతి గిన్నె మీదా పేరు కొట్టించడం మన వాళ్ళకి ఎంత అలవాటంటే, మనిషి పోయిన ఎనిమిదేళ్ళకి కూడా మామయ్య పేరు మా వంటింట్లో రోజూ తోమబడుతూనే ఉంది. "గిన్నె ఖాళీగనే పోతున్నదా అమ్మా?" అని మా ఆయన అనుమానంగా అడిగారు. "ఖాళీ గిన్నెకు టవల్ ఎవలన్న కడ్తరారా?" అంది ఆవిడ. షరతులు పెట్టిన పిల్ల అప్పటికే చెవుల్లో పాటలు పెట్టుకుని నిద్రపోయింది. మా ఆయనా నేనూ మొహాలు చూసుకున్నాం. నిజం చెప్పొద్దూ, నాకు లోపల్లోపల సంతోషమే అయింది.

ఒహకూనే క్యారెట్లు పండే ఊరు. ఊరి మొదట్లో ఇల్లంత క్యారెట్ బొమ్మ నిలబెట్టారు. దాని కింద మేము ఫోటో దిగుతుంటే, దీంతో హల్వా చేస్తే ఎన్ని పెళ్ళిళ్ళకి సరిపోతుందో అత్తమ్మ లెక్కగట్టింది. వెనక రువాపేహు కొండ మబ్బుల్లో ఉంది. ఉందని నమ్మి లోపలికి వెళ్ళాం.

అపార్ట్‌మెంట్‌లో ఆ పేజీలో చెప్పినట్టే అన్నీ ఉన్నాయి. వైన్ గ్లాసులు పన్నెండు, అందులోనూ రెండు రకాలు. సీసా బిరడా తీసేవి మూడు. చీజ్ కోసుకునే కత్తులు రెండు, చీజ్ పెట్టుకునే చెక్క ఒకటి. అన్నం వండుకునే గిన్నె ఒకటే, దానికి మూత లేదు. తినడం అన్నది తాగుడు మధ్యలో వచ్చే చిన్న పని అనుకునే వాళ్ళు సర్దిన వంటిల్లు అది. గోడ మీద సామాన్ల జాబితా అంటించి ఉంది. మా ఆయన చేతులు వెనక్కి కట్టుకుని ఆడిటర్‌లా ఒక్కొక్కటే సరిచూశారు. ఒక చెంచా ఎక్కువుందని తేలాక గానీ ఆయనకి మనశ్శాంతి కలగలేదు.

ఇక చలి. ఈ దేశంలో ఇళ్ళు బయటికంటే లోపల ఎక్కువ చల్లగా ఉంటాయని వచ్చిన కొత్తలో అంటే ఎవరూ నమ్మలేదు. హీటర్ పెడితే హీటర్ ఒక్కటే వెచ్చబడింది. మర్నాడు పొద్దున అత్తమ్మ టవల్ విప్పి చూస్తే పిండి ఎలా పోసిందో అలాగే ఉంది. "సల్లవడ్డది. ఉలుకు లేదు, పలుకు లేదు" అంది, రోగి నాడి చూసిన డాక్టరులా. ఆ పూట జ్వరం లేకుండానే అందరం బ్రెడ్డు తిన్నాం.

అదే రోజు గాలి ఎక్కువగా ఉందని కొండ మూసేశారు. పొద్దున్నే పైకి పోయిన వాళ్ళంతా సగం దారిలోనే తడిసి వెనక్కి వచ్చేశారు. బిల్డింగ్ నిండా జనం, చేయడానికి ఎవరికీ పని లేదు. ఆ గాలి పుణ్యమా అని మా పిల్ల పంట పండింది. కింది అంతస్తులో దిగిన ఆ అమ్మాయే స్వయంగా మా తలుపు కొట్టి, ఆడుకోవడానికి రమ్మని పిలిచింది. రెండేళ్ళలో మొదటి పిలుపు! మా పిల్ల స్వెటరు చేతులు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసుకుని మరీ వెళ్ళింది.

మధ్యాహ్నం అత్తమ్మా నేనూ బిల్డింగ్ చూద్దామని కిందికి దిగాం. లాబీ పక్కన ఒక తలుపు తీయగానే వెచ్చటి గాలి మొహానికి కొట్టింది. డ్రైయింగ్ రూమ్. తడిసిన బూట్లు, కోట్లు ఆరబెట్టుకునే గది. గోడల వెంట వేడి గొట్టాలు, వాటి మీద చెక్క అరలు, అరల నిండా స్కీ బూట్లు. ఈ దేశంలో నేను అడుగుపెట్టిన మొదటి వెచ్చటి గది అదే.

అత్తమ్మ గుమ్మంలోనే నిలబడిపోయింది. "ఇంత మంచి అర్ర బూట్లకిచ్చిన్రా? మన్సులేమో పైన వణుక్కుంట పండాలె, బూట్లేమో కింద ఎచ్చగ పండాలెనా?" అంది. తర్వాత ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. అత్తాకోడళ్ళకి ఏకాభిప్రాయం కుదిరిన అరుదైన ఘడియ అది, అందుకే అరిష్టం అని అప్పుడే తెలుసుకోవాల్సింది.

గిన్నె తెచ్చింది ఆవిడే గానీ పై అరలో, గొట్టానికి దగ్గరగా పెట్టింది నేను. ఎవరి కంటా పడదని ఆ చోటు ఎంచింది కూడా నేనే. పిండికీ గిన్నె అంచుకీ మధ్య బెత్తెడు జాగా ఉంది. "ఈ సలిల ఇంతకంటె ఎక్కువేం పొంగుతదిలే" అంది అత్తమ్మ. నాలుగు గంటల్లో వచ్చి తీసుకుందామనుకున్నాం. పైకి వెళ్ళి ఆవిడ కునుకు తీసింది, నేను పత్రిక చదివాను.

అయిదింటికి కింద గోల వినపడింది. మా ఆయనా నేనూ పరిగెత్తాం. డ్రైయింగ్ రూమ్ గుమ్మం దగ్గర ఆరేడుగురు మూగి ఉన్నారు. మా పిల్ల, దాని స్నేహితురాలు కూడా వాళ్ళలో ఉన్నారు. లోపల మా పిండి వెచ్చదనం అంటే ఏమిటో జన్మలో మొదటిసారి చూసినట్టు పొంగింది. మూతని పక్కకి తోసేసి, టవల్‌ని ఎత్తేసి, అర మీదుగా కిందికి జారి, కింది అరలో నోరు తెరుచుకుని ఉన్న ఒక నల్ల బూటులోకి తీరిగ్గా దిగుతోంది. అంత అందంగా పులిసిన పిండి నేను అంతకు ముందు చూడలేదు, ఆ తర్వాతా చూడలేదు.

బూటు ఆ స్నేహితురాలి నాన్నది. అద్దెకి తెచ్చుకున్నది కాదు, సొంతం. ఆయన నడుము మీద చేతులు పెట్టుకుని తల ఒక పక్కకి వాల్చి చూస్తున్నాడు. గోడలోంచి ఇన్సులేషన్ ఏదో ఉబికి వచ్చిందేమో అన్నాడు ఒకాయన. ప్లాస్టర్ అన్నాడు ఇంకొకాయన. బిల్డింగ్ చూసుకునే పెద్దావిడ చేతులకి రబ్బరు తొడుగులు వేసుకుని ముందుకొచ్చి, వంగి వాసన చూసి, మనకి తెలిసినది ఏదీ కాదని తేల్చింది. గిన్నె దించి తిప్పి చూసింది. "దీని మీద ఏదో రాసి ఉంది" అంది.

ఆ స్నేహితురాలు మా పిల్ల వైపు తిరిగింది. పిల్లలకి పెద్దవాళ్ళకున్న మొహమాటం ఉండదు. "ఇది మీదా?" అని అడిగింది.

మా పిల్ల గిన్నెకేసి చూసింది. నానమ్మ వచ్చిన నెల నుంచీ ప్రతి ఆదివారం అందులోంచి పోసిన దోశలే తింటోంది అది. "నో" అంది.

అందరూ ఇప్పుడు మాకేసి చూశారు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఎవరూ అడగకుండానే మా ఆయన "ముందు దిగిన వాళ్ళు మర్చిపోయి ఉంటారు" అన్నారు. నేను? నా నోట్లో మాట ఉంది. రెండు ముక్కలు, మాదే, సారీ. పిల్ల కళ్ళు నన్ను బతిమాలుతున్నాయి కాబట్టి ఆగానని ఆ రోజు నాకు నేను చెప్పుకున్నాను.

అప్పుడు వచ్చింది అత్తమ్మ. చీర, స్వెటరు, కోటు, మంకీ క్యాపు, మేజోళ్ళ మీద హవాయి చెప్పులు. నిషేధించినవన్నీ ఒక్క మనిషి మీద. పొంగిన పిండి చూడగానే ఆవిడ మొహం వెలిగిపోయింది. బూటు సంగతి ఇంకా చూడలేదు. పెద్దావిడ గిన్నె చూపించి, "ఇది మీదా?" అని నెమ్మదిగా, స్పష్టంగా అడిగింది. ఆ పాటి ఇంగ్లీషు అత్తమ్మకి అర్థమవుతుంది. నవ్వుతూ నోరు తెరిచి, అలవాటుగా మనవరాలి వైపు చూసింది. తర్వాత కొడుకు వైపు. తర్వాత నా వైపు. నేను తల దించుకున్నాను.

"నో, నో" అంది అత్తమ్మ. వెనక్కి తిరిగి, కొంగు సర్దుకుని, మెట్లెక్కి వెళ్ళిపోయింది.

నేనూ ఆవిడ వెనకాలే వెళ్ళి మా పాస్తా ఉడకబెట్టాను. ఆ పూట పాస్తా ఎవరికీ దిగలేదు. అత్తమ్మ మాత్రం ఏమీ జరగనట్టే, "పిండి మంచిగ పులిసింది కదా?" అని ఒక్కసారి అడిగింది. మా పిల్ల ప్లేటు వదిలేసి వెళ్ళి పడుకుంది.

పెద్దావిడ గిన్నెని పారేస్తుందనుకున్నాం. ఆవిడ పిండి పారేసి, గిన్నెని మేము ఎన్నడూ తోమనంత తళతళలాడేలా తోమి, లాబీలో పోయిన వస్తువులు పెట్టే అర మీద పెట్టింది. ఒంటరి గ్లౌజులకీ విరిగిన కళ్ళద్దాలకీ మధ్య మా మామయ్య పేరు మెరుస్తూ ఉంది. ముందు "ఎవరిది?" అని రాసిన కాగితం. బయటికి వెళ్ళినా లోపలికి వచ్చినా దాని ముందు నుంచే పోవాలి. ముగ్గురం బాకీ ఉన్న కొట్టు ముందు నుంచి పోయినట్టు మొహం తిప్పుకుని పోయేవాళ్ళం.

"నేను మెల్లగ తీసుకొస్తలే, ఎవ్వలు లేనప్పుడు" అన్నారు మా ఆయన.

"మన గిన్నె మనమే దొంగతనం చేసుడా?" అన్నాను.

ఆయన వినలేదు. మొదటిసారి వెళ్ళి, కౌంటర్ దగ్గర పెద్దావిడ ఉండటంతో, క్యారెట్ తోటల గురించి ఒక కరపత్రం పట్టుకుని వచ్చారు. రెండోసారి టాయిలెట్ పేపరు చుట్టలు రెండు తెచ్చారు. మూడోసారి ఇస్త్రీ బల్ల. ఏదో ఒకటి అడక్కుండా ఉత్త చేతులతో రావడం ఆయన వల్ల కాలేదు. ఆ సెలవుల్లో మాకు లేని సౌకర్యం లేదు, గిన్నె తప్ప.

తర్వాతి రెండు రోజులూ కొండ తెరిచారు. మా పిల్ల మొదటి పూట నలభై సార్లు పడి, రెండో పూట నిలబడింది. జిప్పుకి పాస్ వేలాడింది. మా ఆయన వాలులో దిగలేక, చతికిలబడి కూర్చునే కిందిదాకా జారారు. పక్కనుంచి మూడేళ్ళ పిల్లలు ఆయన్ని దాటిపోయారు. బూటు పాడైన ఆయన మాత్రం అదే బూటు వేసుకుని హాయిగా జారుతూ, మమ్మల్ని చూసి చెయ్యి ఊపాడు. నాకు ఆ చెయ్యి చూడాలంటే సిగ్గేసింది. అత్తమ్మ కొండకి రానంది. "నాకు మోకాళ్ళ నొప్పులు. లాబీల కూసోని అద్దంలకెల్లి మంచు చూస్త" అంది. మాకూ అదే సుఖంగా అనిపించింది. మంకీ క్యాపు బెడద ఉండదు.

చివరి రోజు పొద్దున సామాన్లు సర్దుకుని తాళాలు అప్పజెప్పడానికి కిందికి వచ్చాం. ఆ స్నేహితురాలి కుటుంబం కూడా లాబీలోనే ఉంది, బూట్ల సంచులతో. మా ఆయన తాళాలు ఇచ్చారు. అంతా అయిపోయింది, ఇక తలుపు తోసుకుని బయటపడటమే. అప్పుడు మా పిల్ల అర దగ్గరికి వెళ్ళి, రెండు చేతులతో గిన్నె దించింది.

"ఇది మాది" అంది ఇంగ్లీషులో. చెవులు ఎర్రబడ్డాయి. తెలుగు అక్షరాలు రాని పిల్ల, అంచు కింద వేలు పెట్టి, "ఇది మా తాత పేరు" అంది. తర్వాత ఆ బూటు ఆయన వైపు తిరిగి, "ఐయామ్ సారీ, అది పాన్‌కేక్ పిండి" అంది. ఆయన ఒక్క క్షణం ఆలోచించి, ఆ బూటులో అంత మంచి వాసన ఎన్నడూ రాలేదని అన్నాడు. ఆ స్నేహితురాలు గిన్నెలోకి తొంగి చూసి, ఖాళీగా ఉందేమని అడిగింది. అంతే. ఆకాశం ఏమీ ఊడిపడలేదు.

పెద్దావిడ కౌంటర్ వెనక నుంచి వచ్చి ఆ కాగితం తీసేసింది. "నువ్వు ఎప్పుడు వస్తావా అని చూస్తున్నాను" అంది పిల్లతో. నాతో మాత్రం, "మీ అత్తగారు రెండు రోజులూ దాని పక్క కుర్చీలోనే కూర్చున్నారు. నేను టీ ఇచ్చాను. పాపం, ఒక్కసారి కూడా దాన్ని ముట్టుకోలేదు" అంది. అంటే గిన్నె ఎవరిదో పెద్దావిడకి తెలుసు. బహుశా మొదటి నుంచీ బిల్డింగ్ అంతటికీ తెలుసు. కళ్ళు మూసుకుని పాలు తాగిన పిల్లులం మేమే.

కారులో గిన్నె మళ్ళీ అత్తమ్మ కాళ్ళ మధ్యకి చేరింది. మా పిల్ల ఆవిడ భుజం మీద తల పెట్టుకుని నిద్రపోయింది. క్యారెట్ బొమ్మ దాటాక, వెనక సీట్లోంచి అత్తమ్మ మెల్లగా నన్ను పిలిచింది. గొంతులో కోపం లేదు, నిజంగానే తెలుసుకుందామని అడిగినట్టు అడిగింది.

"పిల్ల అంటే చిన్నది, బుగులువడ్డది. నీకేమైంది బిడ్డా?"

నేను బండి నడుపుతున్న మనిషిలా రోడ్డు మీదే చూపు నిలిపాను. డ్రైవ్ చేస్తున్నది మా ఆయన.